విదేశీ కంపెనీ బ్రాంచి ఆఫీసు లాభంపై మన దేశంలో ఆదాయపు పన్ను: లెక్క కట్టే పద్ధతి, అడుగడుగునా

విదేశీ కంపెనీ ఒకటి హైదరాబాద్‌లో బ్రాంచి ఆఫీసు తెరిచిందనుకుందాం. ఆ బ్రాంచికి చట్టం దృష్టిలో సొంత అస్తిత్వం లేదు. దాని పేరున వేరే పాన్ ఉండదు, అది చేసుకున్న ఒప్పందాలన్నీ విదేశంలోని కంపెనీ చేసుకున్నవే, అది చేసిన అప్పు కంపెనీ అప్పే. అయినా పన్ను దగ్గరికి వచ్చేసరికి ఆ బ్రాంచిని స్వతంత్రంగా నిలబడి వ్యాపారం చేసుకునే మరో సంస్థగా ఊహించుకుని, దాని చేతిలో ఎంత లాభం మిగిలేదో తేల్చాలి. ఒకే కంపెనీలోని రెండు గదుల మధ్య సరిహద్దు గీయడం లాంటి పని ఇది. ఆ సరిహద్దును సంవత్సరం పొడవునా కాగితం మీద గీసుకుంటూ వచ్చిన బ్రాంచికి అసెస్‌మెంటు (అధికారి పన్ను లెక్కను సరిచూసి ఖాయం చేయడం) సాఫీగా సాగుతుంది. మార్చి నెలాఖరున హెడ్ ఆఫీసు నుంచి వచ్చిన ఒక్క ఈమెయిలును పట్టుకుని గీద్దామనుకున్న బ్రాంచికి మాత్రం ఏళ్ల తరబడి అప్పీళ్లు తప్పవు.

ఈ వ్యాసంలో పేర్కొన్న సెక్షన్లు 1961 ఆదాయపు పన్ను చట్టంలోనివి. 2026 మార్చి 31 వరకు ఆర్జించిన ఆదాయానికి ఆ చట్టమే వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమలులోకి వచ్చినందున, ఆ తేదీ తర్వాతి ఆదాయానికి సెక్షన్ల, ఫారాల సంఖ్యలను కొత్త చట్టంలో, దాని నియమాలలో సరిచూసుకోవాలి.

మొదటి అడుగు: చేతిలో ఉన్నది ఏ రకం ఆఫీసో తేల్చుకోవాలి

విదేశీ కంపెనీ మన దేశంలో లయజన్ ఆఫీసు (సంప్రదింపులకే పరిమితమైనది), ప్రాజెక్టు ఆఫీసు, బ్రాంచి ఆఫీసు అనే మూడు రూపాలలో పనిచేయవచ్చు. వీటికి 2016లో ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం కింద వచ్చిన నిబంధనలు ఆధారం. వాటి ప్రకారం బ్రాంచి తెరవాలంటే కంపెనీ తన సొంత దేశంలో అంతకు ముందరి 5 సంవత్సరాలు లాభాలు చూపి ఉండాలి, దాని నికర విలువ కనీసం లక్ష అమెరికన్ డాలర్లు ఉండాలి. బ్రాంచి ఎగుమతి, దిగుమతి, టోకు వ్యాపారం చేయవచ్చు. కన్సల్టెన్సీ, సాఫ్ట్‌వేర్ సేవలు అందించవచ్చు. చిల్లర వ్యాపారం మాత్రం చేయరాదు, ప్రత్యేక ఆర్థిక మండలి వెలుపల తానుగా సరుకు తయారు చేయరాదు. ఆఫీసు నెలకొల్పిన 30 రోజులలోగా కంపెనీల చట్టం 380వ సెక్షన్ కింద ఫారం ఎఫ్‌సీ-1 దాఖలు చేయాలి.

అనుమతి పత్రంలో ఏ పనులు రాసి ఉన్నాయో, ఆఫీసులో నిజంగా ఏ పనులు జరుగుతున్నాయో పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఈ దశలో చాలా అవసరం. లయజన్ ఆఫీసు ఆదాయం సంపాదించకూడదు, అందువల్ల మామూలుగా దానికి పన్ను ఉండదు. ఈ గీత ఎక్కడుందో సుప్రీం కోర్టు 2020 ఏప్రిల్‌లో యూఏఈ ఎక్స్చేంజ్ సెంటర్ కేసులో విశదంగా చెప్పింది. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు ఇంటికి పంపే డబ్బుకు సంబంధించిన వ్యవహారమది. చెన్నై, ఢిల్లీ, ముంబయి, జలంధర్‌లలోని ఆ కంపెనీ లయజన్ ఆఫీసులు అక్కడి సర్వర్ నుంచి వివరాలు దించుకుని, ఇక్కడ చెక్కులు, డ్రాఫ్టులు ముద్రించి కొరియర్‌లో ఇళ్లకు పంపేవి. డబ్బు తీసుకోవడం, కమిషన్ వసూలు చేయడం, ఒప్పందం కుదుర్చుకోవడం అన్నీ అక్కడే ముగిసిపోయాయి కాబట్టి ఇక్కడి పని సహాయక స్వభావం గలదేననీ, దానిపై పన్ను లేదనీ కోర్టు తేల్చింది. అదే లయజన్ ఆఫీసు మేనేజరు ధర బేరమాడి ఆర్డరు ఖాయం చేసి ఉంటే కథ వేరుగా ఉండేది. బోర్డు మీద లయజన్ ఆఫీసని రాసుకున్నంత మాత్రాన పన్ను నుంచి రక్షణ దొరకదు.

రెండో అడుగు: పన్ను హక్కు మన దేశానికి ఎలా వస్తుందో చూడాలి

విదేశీ కంపెనీ సాధారణంగా నాన్ రెసిడెంట్, అంటే పన్ను లెక్కకు ఇక్కడ నివాసం లేనిది. దాని కీలక నిర్ణయాలన్నీ, సారాంశంలో, భారతదేశంలోనే జరుగుతుంటే మాత్రం 6(3) సెక్షన్ కింద రెసిడెంటు అయిపోయి, ప్రపంచవ్యాప్త ఆదాయంపై ఇక్కడే పన్ను పడుతుంది. టర్నోవరు ఏడాదికి 50 కోట్ల రూపాయలు మించని కంపెనీలకు ఈ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. నాన్ రెసిడెంట్ విషయంలో 5(2), 9(1)(ఐ) సెక్షన్లు కలిపి చదువుకోవాలి. భారతదేశంలో వ్యాపార సంబంధం ఉంటే, ఇక్కడ జరిగిన కార్యకలాపాలకు న్యాయంగా చెందే మేరకు లాభంపై ఇక్కడ పన్ను పడుతుంది. ఎగుమతి కోసం సరుకు కొనడం వరకే బ్రాంచి పని పరిమితమైతే, ఆ కొనుగోలు పని వల్ల ఇక్కడ ఆదాయం పుట్టినట్టు లెక్కించరు.

తర్వాత ఆ కంపెనీ దేశంతో మనకున్న ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందాన్ని తెరవాలి. 90(2) సెక్షన్ ప్రకారం చట్టం, ఒప్పందం రెండింటిలో పన్ను చెల్లించేవారికి ఏది మేలైతే అది వర్తిస్తుంది. ఒప్పందంలో 5వ అధికరణం పర్మనెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్ గురించి, 7వ అధికరణం వ్యాపార లాభాల గురించి చెబుతాయి. పర్మనెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్ అంటే ఏమిటో ఈ దేశంలో తొలినాళ్లలోనే లోతుగా వివరించిన తీర్పు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుది. విశాఖపట్నం రేవుకు యంత్రాలు సరఫరా చేసిన జర్మన్ కంపెనీ వ్యవహారంలో 1983లో వెలువడిన ఆ తీర్పు, ఒక దేశపు వ్యాపార సంస్థ మరో దేశపు నేల మీదికి చొచ్చుకు వచ్చి నిలబడినట్టుండాలనీ, ఆ నిలబడడంలో కొంత స్థిరత్వం ఉండాలనీ చెప్పింది. యంత్రాలు అమ్మి, వాటిని అమర్చే పనిని పర్యవేక్షించడానికి మనుషులను పంపిన ఆ కంపెనీకి అలాంటి స్థిరమైన ఉనికి లేదని కోర్టు భావించింది. ఇప్పటికీ ఢిల్లీ, ముంబయి వాదనలలో ఈ తీర్పు మాట వినబడుతూనే ఉంటుంది.

బ్రాంచి విషయంలో మాత్రం ఉనికి ఉందా లేదా అన్న వాదనకు చోటు తక్కువ, ఎందుకంటే 5వ అధికరణంలోని జాబితాలో బ్రాంచి పేరు నేరుగా కనిపిస్తుంది. అసలు వాదన ఎంత లాభం దానిదన్న చోటే మొదలవుతుంది. ఒప్పందం ప్రయోజనం కావాలంటే సొంత దేశపు పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం, ఫారం 10ఎఫ్ ప్రతి సంవత్సరం సిద్ధంగా ఉంచుకోవాలి.

కొన్ని వ్యాపారాలకు చట్టమే లాభాన్ని అంచనా కట్టి ఇస్తుంది. కాకినాడ తీరాన కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు అన్వేషణకు రిగ్గులు, సేవలు అందించే విదేశీ కంపెనీకి 44బీబీ సెక్షన్ కింద వసూళ్లలో 10 శాతాన్ని లాభంగా తీసుకుంటారు. విమానయాన సంస్థలకు ఈ అంచనా 5 శాతం, ఓడల కంపెనీలకు 7.5 శాతం. సాంకేతిక సేవల ఫీజులు, రాయల్టీ రూపంలో బ్రాంచికి ఆదాయం వచ్చే కంపెనీలకు 44డీఏ సెక్షన్ ప్రత్యేక నిబంధనలు పెట్టింది. మిగతావారు కింది అడుగులన్నీ నడవాల్సిందే.

మూడో అడుగు: ఏ వసూళ్లు బ్రాంచివో విడదీయాలి

ఈ అడుగు నుంచి ఒక ఊహాజనితమైన ఉదాహరణను వెంట తీసుకువెళదాం. జర్మనీలో ప్రయోగశాల పరికరాలు తయారు చేసే కంపెనీ ఒకటి హైదరాబాద్‌లో బ్రాంచి పెట్టి, హెడ్ ఆఫీసు నుంచి పరికరాలు దిగుమతి చేసుకుని ఇక్కడి ఫార్మా కంపెనీలకు టోకున అమ్ముతోంది. 2025-26లో బ్రాంచి అమ్మకాలు 24 కోట్లు.

బ్రాంచి ఇన్‌వాయిసు వేసిన అమ్మకాల గురించి పేచీ ఉండదు. హెడ్ ఆఫీసు నేరుగా విశాఖలోని ఒక మందుల కంపెనీకి పరికరం అమ్మి, డబ్బు జర్మనీలోనే అందుకుందనుకోండి. పరికరం పనిచేసే తీరును కొనుగోలుదారుకు చూపించింది హైదరాబాద్ ఇంజనీరు, ధర పట్టిక వెళ్లింది హైదరాబాద్ మెయిల్ ఐడీ నుంచి, తగ్గింపు శాతం గురించి మాట్లాడింది హైదరాబాద్ సేల్స్ మేనేజరు అయితే, ఆ అమ్మకపు లాభంలో కొంత భాగం బ్రాంచిదేనని అధికారి అంటారు. ఆ మాటలో న్యాయముంది కూడా. కాబట్టి నేరు అమ్మకాలు ప్రతి ఒక్కదానికీ ఒక చిన్న ఫైలు పెట్టుకోవాలి. విచారణ ఎవరికి వచ్చింది, డెమో ఎవరు ఇచ్చారు, ధర ఎవరు నిర్ణయించారు, ఒప్పందంపై ఎక్కడ సంతకమైంది అన్న నాలుగు ప్రశ్నలకు ఆ నెలలోనే జవాబు రాసి పెట్టుకుంటే, మూడేళ్ల తర్వాత నోటీసు వచ్చినప్పుడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన మేనేజరును వెతుక్కునే అవసరం రాదు.

కొన్ని ఒప్పందాలలో ఇంకో మెలిక ఉంటుంది. భారత-అమెరికా ఒప్పందం ప్రకారం, బ్రాంచి అమ్మే సరుకు లాంటి సరుకునే హెడ్ ఆఫీసు నేరుగా ఇక్కడ అమ్మినా, ఆ లాభాన్ని కూడా బ్రాంచి ఖాతాలోకి లాగవచ్చు. ఆకర్షణ సూత్రమని పిలిచే ఈ నిబంధన ప్రతి ఒప్పందంలోనూ ఉండదు, ఉన్న చోట కూడా ఒకే రకంగా ఉండదు. ఒప్పందం పూర్తి పాఠం చదవకుండా సారాంశాల మీద ఆధారపడవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కంపెనీ మొత్తంగా నష్టంలో ఉంది కదా, బ్రాంచికి లాభం ఎక్కడిదన్న వాదన తరచుగా వినబడేది. హయాత్ ఇంటర్నేషనల్ కేసులో ఢిల్లీ హైకోర్టు పూర్తి ధర్మాసనం 2024 సెప్టెంబరులో దానికి తలుపు మూసింది. బ్రాంచిని స్వతంత్ర సంస్థగా చూడాలన్నదే ఒప్పందం ఉద్దేశం కాబట్టి, ప్రపంచవ్యాప్తంగా కంపెనీకి నష్టం వచ్చినా ఇక్కడి ఉనికికి చెందే లాభంపై ఇక్కడ పన్ను ఉంటుందని తేల్చింది.

బ్రాంచికి సరైన పుస్తకాలు లేకపోతే అధికారి ఆదాయపు పన్ను నియమాలలోని 10వ రూలును చేతిలోకి తీసుకుంటారు. దాని కింద టర్నోవరులో తనకు సబబు అనిపించిన శాతాన్ని లాభంగా తీసుకోవచ్చు, లేదా కంపెనీ మొత్తం లాభంలో భారత వసూళ్ల నిష్పత్తి మేరకు తీసుకోవచ్చు, లేదా తగినదని తోచిన మరో పద్ధతి అనుసరించవచ్చు. ఇంత విశాలమైన అధికారం ఎదుటివారి చేతికి వెళ్లకుండా ఉండాలంటే, మన పుస్తకాలు వేలెత్తి చూపడానికి వీల్లేకుండా ఉండడం ఒక్కటే మార్గం.

నాలుగో అడుగు: ఖర్చులు, ముఖ్యంగా హెడ్ ఆఫీసు ఖర్చులు

ఇక్కడి జీతాలు, అద్దె, కరెంటు, రవాణా లాంటి ఖర్చులను మామూలు పద్ధతిలోనే తగ్గించుకోవచ్చు. టీడీఎస్ (డబ్బు చెల్లించేటప్పుడే కోసి కట్టే పన్ను) మినహాయించని చోట మాత్రం దెబ్బ తగులుతుంది. రెసిడెంటుకు ఇచ్చిన మొత్తంలో 30 శాతం, నాన్ రెసిడెంటుకు ఇచ్చిన దానిలో మొత్తం సొమ్ము ఖర్చు కింద చెల్లదు. జర్మనీ నుంచి వచ్చి హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఉద్యోగికి జీతం అక్కడి బ్యాంకు ఖాతాలో యూరోలలో పడుతున్నా, అది ఇక్కడ చేసిన పనికి ఇచ్చిన జీతమే. దానిపై 192వ సెక్షన్ కింద ఇక్కడ పన్ను మినహాయించి కట్టకపోతే ఆ జీతం ఖర్చు కింద నిలవదు.

అసలు బరువంతా 44సి సెక్షన్ మీద ఉంటుంది. బ్రాంచిల లాభాన్ని హెడ్ ఆఫీసు ఖర్చుల పేరుతో కరిగించేస్తున్నారనీ, విదేశాల్లో ఉన్న పుస్తకాలను ఇక్కడి అధికారి తనిఖీ చేయలేరనీ గమనించి, 1976లో పార్లమెంటు ఈ సెక్షన్‌ను చేర్చింది. హెడ్ ఆఫీసు ఖర్చు అంటే భారతదేశం వెలుపల చేసిన కార్యనిర్వాహక, సాధారణ పరిపాలన ఖర్చు. బయటి ఆఫీసు అద్దె, పన్నులు, మరమ్మతులు, బీమా, ఆ ఆఫీసులో పనిచేసేవారి జీతభత్యాలు, వారి ప్రయాణ ఖర్చులు ఇందులోకి వస్తాయి. ఇందులో బ్రాంచి తగ్గించుకోగలిగింది రెండు మొత్తాలలో ఏది తక్కువైతే అది మాత్రమే: ఒకటి, సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయంలో 5 శాతం. రెండు, భారత వ్యాపారానికి నిజంగా చెందే ఖర్చు. ఆ సంవత్సరం నష్టం వచ్చినట్లయితే, అంతకు ముందరి మూడేళ్ల సగటు ఆదాయంపై 5 శాతాన్ని లెక్కిస్తారు.

సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయమన్నది పుస్తకాలలోని లాభం కాదు. ఈ సంవత్సరపు తరుగుదలను తీసేశాక, కానీ పాత సంవత్సరాల నష్టాలు, పాత సంవత్సరాలలో వాడుకోలేకపోయిన తరుగుదల, 6-ఎ అధ్యాయపు మినహాయింపులు, 44సి మొత్తం తీసివేయకముందు ఉన్న ఆదాయమది. పాత నష్టాన్ని ముందే తీసేసి మిగిలినదానిపై 5 శాతం కడితే హక్కుగా రావలసిన మినహాయింపు చేజేతులా తగ్గిపోతుంది. ఈ పొరపాటు సీనియర్లు వేసిన లెక్కల్లో కూడా నేను చూశాను.

ఒక సందేహం చాలా ఏళ్లు నలిగింది. హెడ్ ఆఫీసులో అన్ని దేశాలకూ ఉమ్మడిగా చేసిన ఖర్చుకు 5 శాతం పరిమితి సరే, పూర్తిగా భారత బ్రాంచి కోసమే చేసిన ఖర్చుకూ ఆ పరిమితి ఉందా? లేదని కొన్ని తీర్పులు వచ్చాయి. 2025 డిసెంబరులో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంక్ కేసులో సుప్రీం కోర్టు ఆ సందేహాన్ని ముగించింది. ఖర్చు 44సి నిర్వచనంలోకి వస్తే, అది ఉమ్మడిదైనా ప్రత్యేకమైనదైనా పరిమితి వర్తిస్తుందని చెప్పింది. అందువల్ల ఇప్పుడు అడగవలసిన ప్రశ్న, ఆ ఖర్చు కార్యనిర్వాహక, సాధారణ పరిపాలన స్వభావం కలదా కాదా అన్నది. బ్రాంచి అమ్మిన పరికరానికి విదేశంలోని బయటి ల్యాబులో చేయించిన కాలిబ్రేషన్ (కొలతల సరిచూపు) ఫీజు పరిపాలన ఖర్చు కాదు, అది అమ్మకపు ఖర్చు. కాబట్టి హెడ్ ఆఫీసు నుంచి వచ్చే డెబిట్ నోటులో ‘మేనేజ్‌మెంట్ చార్జీలు’ అని ఒకే వరుస ఉంటే, ఆ కాగితాన్ని వెనక్కి పంపి, ఏ పని, ఎవరు చేశారు, ఎన్ని గంటలు, బయటివారికి ఇచ్చినదైతే వారి బిల్లు ఏది అన్నది విడివిడిగా రాయించుకోవాలి. ఒకే వరుసగా వచ్చిన మొత్తం అంతా పరిపాలన ఖర్చుగా మారిపోయి, 5 శాతం గోడ దగ్గర ఆగిపోతుంది.

రాయల్టీ, బ్రాండు వాడకపు రుసుము, వడ్డీ పేరుతో బ్రాంచి హెడ్ ఆఫీసుకు రాసిన మొత్తాలు, అసలు ఖర్చును తిరిగి చెల్లించడం కిందికి రానంతవరకు, ఖర్చుగా చెల్లవు, ఎందుకంటే తనకు తాను రాయల్టీ ఇచ్చుకోవడం ఉండదు. బ్యాంకులకు మాత్రం ప్రత్యేక నియమం ఉంది. విదేశీ బ్యాంకు బ్రాంచి హెడ్ ఆఫీసుకు ఇచ్చే వడ్డీపై, ఇద్దరినీ వేరు వ్యక్తులుగా భావించి ఇక్కడ పన్ను విధించేలా 2015 ఫైనాన్స్ చట్టంతో 9(1)(వి) సెక్షన్‌కు వివరణ చేర్చారు.

ఆదాయపు పన్నులో ఖర్చు చెల్లినా చెల్లకపోయినా, హెడ్ ఆఫీసు అందించిన సేవపై జీఎస్టీని రివర్స్ చార్జి విధానంలో, అంటే సేవ పొందిన బ్రాంచే, కట్టాల్సి రావచ్చు. ఆ చట్టం దృష్టిలో రెండు దేశాల్లోని ఆఫీసులు వేర్వేరు వ్యక్తులు.

ఐదో అడుగు: హెడ్ ఆఫీసుకు, బ్రాంచికి మధ్య ధర

మన ఉదాహరణలో పరికరాలను హెడ్ ఆఫీసు 11 కోట్లకు బ్రాంచికి ఇచ్చింది. ఈ అంకె ఒక్కటే బ్రాంచి లాభాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. 92ఎఫ్ సెక్షన్ పర్మనెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌ను కూడా ‘ఎంటర్‌ప్రైజు’గా నిర్వచించినందున ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ నియమాలు, అంటే సంబంధం ఉన్న సంస్థల మధ్య ధర బయటివారి మధ్య ఉండే ధరలాగే ఉండాలనే నియమాలు, ఇక్కడికి వస్తాయి. సంబంధం లేని డిస్ట్రిబ్యూటరు ఇలాంటి పరికరాలు కొని అమ్మితే ఎంత శాతం మిగిలేదో పోల్చి చూపే అధ్యయనం తయారు చేసుకోవాలి, చార్టర్డ్ అకౌంటెంటు ఫారం 3సీఈబీలో నివేదిక ఇవ్వాలి. మోర్గాన్ స్టాన్లీ కేసులో 2007లో సుప్రీం కోర్టు చెప్పినట్టు, చేసిన పనికి, మోసిన రిస్కుకు తగిన ప్రతిఫలం న్యాయమైన ధరలో ఇప్పటికే వచ్చి ఉంటే, పైన ఇంకా ఆపాదించడానికి ఏమీ మిగలదు. ఇది భారత అనుబంధ కంపెనీ సందర్భంలో చెప్పిన మాట అయినా, బ్రాంచి తరఫు వాదనకూ వెన్నెముక లాంటిది.

దిగుమతి చేసే బ్రాంచి మరో సంగతి మరిచిపోకూడదు. ధర తక్కువగా చూపారేమోనని కస్టమ్స్ వారు చూస్తారు, ఎక్కువగా చూపారేమోనని ఆదాయపు పన్ను వారు చూస్తారు. ఒకే ఇన్‌వాయిసు రెండు ఎదురెదురు పరీక్షలకు నిలబడాలి. కస్టమ్స్ శాఖలోని ప్రత్యేక వాల్యుయేషన్ విభాగానికి ఇచ్చిన వివరణకూ, ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ ఫైలులో రాసిన వివరణకూ పొంతన ఉందో లేదో ఒకే మనిషి కూర్చుని చదివి చూడాలి.

ఆరో అడుగు: లెక్క

అంకెలన్నీ లక్షల రూపాయలలో తీసుకుందాం. అమ్మకాలు 2400. పరికరాల కొనుగోలు 1100, జీతాలు, అద్దె వగైరా 590, పుస్తకాలలోని తరుగుదల 60, హెడ్ ఆఫీసు పరిపాలన ఖర్చులో వాటా 140, బ్రాండు రుసుము 50. ఇవన్నీ పోగా పుస్తకాల లాభం 460.

దీనికి పుస్తకాల తరుగుదల 60, హెడ్ ఆఫీసు వాటా 140, బ్రాండు రుసుము 50 తిరిగి కలపాలి. ఇక్కడి ఏజెంటుకు ఇచ్చిన 40 లక్షల కమిషన్‌పై టీడీఎస్ కట్టలేదు కాబట్టి అందులో 30 శాతం, అంటే 12 కూడా కలపాలి. మొత్తం 722. ఆదాయపు పన్ను రేట్ల ప్రకారం తరుగుదల 90 తీసేస్తే 632. ఇదే సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయం. దీనిలో 5 శాతం 31.60. అసలు వాటా 140 అయినా, తక్కువది 31.60 కాబట్టి అంతే తగ్గుతుంది. 108.40 లక్షల హెడ్ ఆఫీసు ఖర్చుకు ఇక్కడ విలువ లేకుండా పోయింది. మిగిలింది 600.40. ముందటి సంవత్సరాల నష్టం 100 ఇప్పుడు తీసేస్తే పన్ను పడే ఆదాయం 500.40.

విదేశీ కంపెనీకి పన్ను రేటు 35 శాతం. 2024 జూలై బడ్జెట్‌కు ముందు ఇది 40 శాతం. ఆదాయం కోటి దాటి 10 కోట్ల వరకు ఉంటే సర్‌చార్జి 2 శాతం, 10 కోట్లు దాటితే 5 శాతం. వాటన్నిటి మీద 4 శాతం సెస్సు. పన్ను 175.14, సర్‌చార్జితో కలిపి 178.64, సెస్సుతో కలిపి 185.79. అంటే కట్టవలసింది సుమారు 1 కోటి 85 లక్షల 79 వేల రూపాయలు. పుస్తకాల లాభంపై 15 శాతం కనీస ప్రత్యామ్నాయ పన్ను (మామూలు పన్ను ఇంతకంటే తక్కువైతే దీన్నే కట్టాలి) 69 లక్షల చుట్టూనే ఉంటుంది కాబట్టి ఈ సంవత్సరం దాని ప్రభావం లేదు. అయినా ఇక్కడ బ్రాంచి ఉన్న కంపెనీకి ఆ పన్ను వర్తిస్తుంది కనుక, ప్రతి సంవత్సరం సరిచూసుకోవాలి.

ఇప్పుడు అధికారి పరికరాల న్యాయమైన ధర 11 కోట్లు కాదు, 10 కోట్లేనన్నారనుకోండి. ఆదాయం 100 పెరుగుతుంది, దానితో 44సి పరిమితి కూడా 5 పెరుగుతుంది. నికరంగా 95 లక్షలపై 37.128 శాతం చొప్పున పన్ను 35 లక్షల 27 వేలు పెరుగుతుంది. పరిమితి పెరిగిన సంగతిని డిమాండు నోటీసులో ఎవరూ గుర్తు చేయరు, మనమే అడిగి తీసుకోవాలి.

దేశీయ కంపెనీకి 22 శాతం రేటు ఉండగా మాకు 35 ఏమిటి, ఒప్పందంలో వివక్ష కూడదని ఉంది కదా అని విదేశీ క్లయింట్లు తప్పకుండా అడుగుతారు. విదేశీ కంపెనీకి ఎక్కువ రేటు వేయడాన్ని వివక్షగా భావించరాదని 90వ సెక్షన్ వివరణలోనే రాసి ఉందని వారికి మొదటి రోజే చెప్పడం మంచిది.

ఏడో అడుగు: టీడీఎస్, అడ్వాన్స్ ట్యాక్స్

బ్రాంచికి డబ్బు ఇచ్చే కొనుగోలుదారు దృష్టిలో అది నాన్ రెసిడెంటు. పన్ను పడే భాగంపైనే 195వ సెక్షన్ కింద మినహాయించాలని 2010లో జీఈ ఇండియా టెక్నాలజీ సెంటర్ కేసులో సుప్రీం కోర్టు చెప్పినా, భయంతో మొత్తం బిల్లుపై 35 శాతం, ఆపై సర్‌చార్జి, సెస్సు కోసేసేవారే ఎక్కువ. 24 కోట్లపై 35 శాతమంటేనే 8 కోట్ల 40 లక్షలు. అసలు పన్ను 1 కోటి 86 లక్షలు కూడా కాదు. మిగతా సొమ్ము రిఫండు వచ్చేదాకా చిక్కుకుపోతే జీతాలు ఇవ్వడమే కష్టమవుతుంది. అందుకే 197వ సెక్షన్ కింద తక్కువ రేటు ధ్రువపత్రానికి ఫారం 13లో, హైదరాబాద్ బ్రాంచి అయితే ఇక్కడి అంతర్జాతీయ పన్నుల విభాగానికి, ఆర్థిక సంవత్సరం మొదట్లోనే దరఖాస్తు చేసుకోవాలి. ధ్రువపత్రం వచ్చిన తేదీ తర్వాతి చెల్లింపులకే అది పనికొస్తుంది.

అడ్వాన్స్ ట్యాక్స్ జూన్ 15కు 15 శాతం, సెప్టెంబరు 15కు 45, డిసెంబరు 15కు 75, మార్చి 15కు 100 శాతం పూర్తి కావాలి. కొనుగోలుదారు మినహాయించాల్సి ఉండి మినహాయించని టీడీఎస్‌ను ఈ లెక్కలోంచి తగ్గించుకోరాదు.

ఎనిమిదో అడుగు: రిటర్ను, నోటీసు

హెడ్ ఆఫీసుతో లావాదేవీలుండే బ్రాంచికి ఆడిట్ నివేదిక, ఫారం 3సీఈబీ అక్టోబరు 31లోగా, కంపెనీల రిటర్ను ఐటీఆర్-6 నవంబరు 30లోగా దాఖలు కావాలి. రిటర్నుపై మేనేజింగ్ డైరెక్టరు గానీ, కంపెనీ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన వ్యక్తి గానీ డిజిటల్ సంతకం చేయాలి. విదేశీ డైరెక్టరు డిజిటల్ సంతకం తెప్పించుకోవడానికి వారాలు పడుతుంది కాబట్టి, ఆ పని ఆగస్టులోనే మొదలుపెట్టాలి. ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ పత్రాలను అసెస్‌మెంటు సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతిది) ముగిశాక 8 ఏళ్లు భద్రపరచాలి.

అధికారి ఆదాయం పెంచదలిస్తే, విదేశీ కంపెనీకి 144సి సెక్షన్ కింద ముందుగా ముసాయిదా ఉత్తర్వు ఇవ్వాలి. అది అందిన 30 రోజులలోగా వివాద పరిష్కార ప్యానెల్‌కు అభ్యంతరాలు దాఖలు చేయవచ్చు. ముసాయిదా కదా అని పక్కన పెట్టి, హెడ్ ఆఫీసు లీగల్ విభాగం జవాబు కోసం ఎదురు చూస్తూ ఆ 30 రోజులు పోగొట్టుకున్న బ్రాంచిని నేను ఎరుగుదును. ఆ తర్వాత మామూలు అప్పీలు తప్ప వారికి దారి లేకపోయింది. ప్యానెల్ 9 నెలల్లో ఇచ్చే ఆదేశాలకు అధికారి కట్టుబడాలి. ఆపై నేరుగా అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, దాని బెంచీలు హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ ఉన్నాయి.

తొమ్మిదో అడుగు: లాభాన్ని బయటికి పంపడం

పన్ను కట్టాక మిగిలిన లాభాన్ని హెడ్ ఆఫీసుకు పంపేటప్పుడు భారతదేశం మరో పన్ను వేయదు. అమెరికా ఇందుకు భిన్నంగా 1986 చట్టంతో బ్రాంచి లాభాల పన్ను పెట్టింది, దాని మామూలు రేటు 30 శాతం, ఒప్పందాలున్న దేశాలకు తగ్గవచ్చు. అక్కడ అనుబంధ కంపెనీ లేకుండా బ్రాంచితోనే పనిచేయాలనుకునే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఈ తేడాను ముందే లెక్క వేసుకోవాలి.

ఇక్కడి నుంచి పంపడానికి ఆడిట్ అయిన ఆస్తి అప్పుల పట్టిక, లాభనష్టాల ఖాతా బ్యాంకుకు ఇవ్వాలి. పంపదగిన లాభం ఎలా వచ్చింది, అది అనుమతించిన పనులవల్లే వచ్చిందా, ఆస్తుల విలువ పెంచి చూపిన మొత్తం అందులో ఉందా లేదా అన్నది చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాలి. మొదటి అడుగులో అనుమతి పత్రాన్ని సరిచూసుకోని బ్రాంచి ఇక్కడ చిక్కుకుంటుంది.

అనుబంధ కంపెనీగా మారితే మేలా అన్న ప్రశ్నకు అంకెలతోనే జవాబు చెప్పవచ్చు. 22 శాతం రేటు ఎంచుకున్న దేశీయ కంపెనీకి సర్‌చార్జి, సెస్సుతో 25.168 శాతం పడుతుంది. మిగిలిన 74.832ను డివిడెండుగా జర్మనీకి పంపితే ఒప్పందం ప్రకారం 10 శాతం, అంటే 7.48 కట్టాలి. రెండూ కలిపి 32.65 శాతం, బ్రాంచికైతే 37.13 శాతం. అయితే బ్రాంచి పేరున ఉన్న పాత నష్టాలు కొత్త కంపెనీకి బదిలీ కావు. విదేశీ బ్యాంకులకు మాత్రమే 115జేజీ సెక్షన్ కింద ప్రత్యేక ఏర్పాటు ఉంది. వ్యాపార నష్టాలను 8 ఏళ్లలోగా వాడుకోవాలి కాబట్టి, వాటిలో ఎంత మిగిలి ఉంది, బ్రాంచి లాభాలలో అది ఎన్నేళ్లలో తీరుతుంది అన్న పట్టిక వేసుకున్నాకే మార్పుకు తేదీ నిర్ణయించుకోవాలి.